అందరూ మంచిదంటే నమ్మని మేడం

మా ఫిజిక్స్ మేడం పోయిన తర్వాతి వారం కాలేజీ సెమినార్ హాల్లో సంతాపసభ పెట్టారు. వేదిక మీద కుర్చీలో ఆమె ఫొటో ఉంది. దండలూ అగరొత్తులూ వద్దని ఇంటివాళ్ళు ముందే చెప్పారు కనుక ఫొటో ఒక్కటే ఉంది. ఆ ఫొటోలో కూడా ఆమె కెమెరా వంక చూడటం లేదు. కెమెరా పట్టుకున్న మనిషి వంక చూస్తున్నారు, ఇతనికి ఫొటో తీయడం వచ్చా రాదా అన్నట్టు.

ప్రిన్సిపాల్ లేచి "మేడం చాలా మంచి మనిషి" అన్నాడు. కెమిస్ట్రీ సారు లేచి అంత మంచి మనిషిని తాను చూడలేదన్నాడు. లైబ్రేరియన్ లేచి మంచితనానికి మారుపేరు అన్నది. అటెండర్ బాలయ్యను కూడా మాట్లాడమని మైకు చేతికిస్తే, తప్పించుకోలేక "మంచిదే మేడం" అని కూర్చున్నాడు. నా జేబులో మడత పెట్టుకున్న కాగితంలో మొదటి వాక్యమూ అదే. నేను లెక్కల మాస్టారిని. నా దగ్గర మాటలు తక్కువ, ఉన్నవి కూడా అందరి దగ్గరా ఉండేవే.

అప్పుడు నాకు అనుమానం వచ్చింది. అనుమానం నా సొంత ఆస్తి కాదు. స్టాఫ్ రూంలో ఆమె పక్క కుర్చీలో ఏళ్ళ తరబడి కూర్చున్నందుకు అంటుకున్నది. ఆమే గనక ఆ హాల్లో ఉంటే వెనక వరసలో కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుని, నా వైపు వంగి అనేవారు.

"సార్, అందరు ఒక్కటే మాటంటున్నరు. ఏదో దాస్తున్నరు."

ఆమెది గద్వాల. రోజూ బస్సులో వనపర్తి వచ్చి పోయేవారు. ఆమె బస్సెక్కడం చూసితీరాల్సిన విషయం. ముందు బోర్డు చదివేవారు. తర్వాత డ్రైవర్ని అడిగేవారు. ఆయన చెప్పింది కండక్టర్ని అడిగి సరిచూసుకునేవారు. ఎక్కాక, ముందు సీట్లో ఎవరైనా ముసలామె కనబడితే "అవ్వా, నువ్వు యాడికి పోతున్నవ్" అని అడిగి, ఆ అవ్వ దిగే ఊరు కూడా అదే దారిలో ఉందని తేలాక గానీ కూర్చునేవారు కాదు.

"అమ్మా, రోజు గిదే బస్సు, గిదే బోర్డు" అని ఒక కండక్టర్ విసుక్కున్నాడు.

"బోర్డు గిదే. బస్సు గిదేనా అని అడుగుతున్న" అన్నారు మేడం.

మేమిద్దరం కాలేజీ పని మీద ఎటైనా పోవాల్సి వస్తే పనులు పంచుకునేవాళ్ళం. బోర్డు చూడటం ఆమె పని. కిటికీ పక్క సీటు చూసుకోవడం నా పని.

గద్వాల దాటితే కర్ణాటక. అటునుంచి ఆమె ఒకే ఒక్క మాట తెచ్చుకున్నారు, "హౌదా". కన్నడంలో అవునా అని. మనం అవునా అంటే అందులో మర్యాద ఉంటుంది, ఆశ్చర్యం ఉంటుంది, నా క్లాసులో అయితే నిద్ర కూడా ఉంటుంది. ఆమె హౌదా అంటే మాత్రం సాక్ష్యం పట్టుకురమ్మని అర్థం. ఆమె ఇంట్లో ఉర్దూ, క్లాసులో తెలుగు. కన్నడం ఒక్క అనుమానానికే.

"బాగున్నారా మేడం" అంటే "ఎవరు చెప్పిన్రు" అనేవారు. చీర బాగుందంటే "ఏం కావాలె నీకు" అనేవారు. చాయ్ గ్లాసు మీద పెట్టుకోవడానికి ఇంటి నుంచి ఒక స్టీలు మూత తెచ్చుకునేవారు. మూత తీసేముందు ప్రతిరోజూ ఒకే ప్రశ్న, "చక్కెర ఎవరేసిన్రు". బాలయ్య ప్రతిరోజూ "నేనే మేడం" అనేవాడు. ప్రతిరోజూ ఆమె అతని ముఖం ఒకసారి చూసి, తర్వాత గ్లాసు చూసి, తర్వాత తాగేవారు.

ల్యాబులో ఆమెతో ఇంకా కష్టం. ఒకసారి ఒక అబ్బాయి స్ప్రింగుకు బరువులు కట్టే ప్రయోగం చేసి గ్రాఫు తెచ్చాడు. గీత ఎంత తిన్నగా ఉందంటే దాన్ని చూసి నాకే వాడి మీద గౌరవం కలిగింది. మేడం ఆ గ్రాఫును వెలుతురుకు పెట్టి చూశారు.

"ఏం బాబు, ఈ గీత గింత సీదగ ఎట్లొచ్చింది?"

"జాగ్రత్తగ చేసిన మేడం."

"హౌదా. నీ బల్ల మీది స్ప్రింగు మొన్ననే సాగిపోయింది. దాంతోటి సరైన జవాబు ఎట్ల తెచ్చినవ్?"

ఆ సాగిపోయిన స్ప్రింగును ఆమె మార్పించలేదు. పై అధికారులకు రాసి కొత్తది తెప్పించొచ్చు కదా అని నేనంటే, "ఉండనీయ్ సార్, అది మంచిగ పనిచేస్తుంది, దొంగల్ని పట్టిస్తుంది" అన్నారు.

ఇటువంటి మనిషికి డిజైన్ థింకింగ్ అప్పజెప్పారు.

సైన్సు పిల్లలకు సబ్జెక్టు వస్తుంది గానీ నోరు రాదనీ, నలుగురితో కలిసి పనిచేయడమూ ఎదుటివాళ్ళు చెప్పింది వినడమూ రాదనీ పైనెవరో కనిపెట్టారు. అవి సాఫ్ట్ స్కిల్స్. బోర్డు మీద తెలుగులో 'మెత్తని నైపుణ్యాలు' అని రాద్దామన్నాను నేను. ఇడ్లీల ట్రైనింగ్ అనుకుంటారు వద్దన్నాడు ప్రిన్సిపాల్. ఆ మెత్తదనం పట్టుబడటానికి డిజైన్ థింకింగ్ మందు అన్నారు. హైదరాబాదు నుంచి ఒక కుర్ర ట్రైనర్ వచ్చాడు. ముందు కష్టంలో ఉన్నవాళ్ళ దగ్గరికి పోయి వాళ్ళు చెప్పేది వినాలి. వాళ్ళ కష్టం అసలు ఏమిటో తేల్చుకోవాలి. తోచిన ఉపాయాలన్నీ రంగు కాగితాల మీద రాసి గోడకు అంటించాలి. అందులో ఒకటి పట్టుకుని చేతనైనంతలో ఒక నమూనా తయారుచేసి, వాడేవాళ్ళ చేతికే ఇచ్చి ఎలా ఉందో అడగాలి. చెప్పింది మంచి మాటే. నేనైతే మొదటిరోజే నమ్మేశాను. నమ్మడం నాకు సులువు, ఇంటి బాధ్యతలన్నీ నాకు అలాగే వచ్చాయి.

మేడం వెనక బెంచీ నుంచి ఒక్కటే అడిగారు. "వాళ్ళు నిజం చెప్పకుంటే?"

"ఎందుకు చెప్పరు మేడం? మనం వాళ్ళ మంచికే కదా అడిగేది."

"హౌదా" అన్నారు మేడం. ఆమె ఒప్పుకున్నారనుకుని ఆ అబ్బాయి సంతోషంగా ఇంకో కాగితం అంటించాడు.

మాకు దొరికిన జట్టుకు లీడర్ మౌనిక. పేరు పెట్టినవాళ్ళకు ముందుచూపు ఉండి ఉండాలి. ఫైనలియర్ వచ్చేదాకా ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో మాకు తెలియదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తేది. వాళ్ళది పాన్‌గల్ దగ్గర ఒక ఊరు. తండ్రి కొంత సొంత పొలం, కొంత కౌలు పొలం కలిపి పల్లి వేస్తాడు. మేనమామకు నాగర్‌కర్నూల్‌లో జిరాక్స్ దుకాణం ఉంది. డిగ్రీ అయ్యాక మౌనిక ఆ దుకాణంలో కూర్చోవాలని ఇంట్లో నిర్ణయం. ఎమ్మెస్సీ చదవాలని ఆ పిల్ల కోరిక. ఏడ్చి మొత్తుకుంటే తండ్రి ఒక మెట్టు దిగాడు. హైదరాబాదులో రాష్ట్రంలోని కాలేజీలన్నిటికీ కలిపి డిజైన్ థింకింగ్ పోటీ పెడుతున్నారని విని, "అక్కడ పేరొస్తే పైసదువు. రాకుంటే మామ దుకాణం. మాటంటే మాట" అన్నాడు. ఈ సంగతి మౌనిక మేడంకు చెప్పింది. అది చెప్పడానికి ఆమెకు ఒక పూట పట్టిందట.

ఆ జట్టు చేసిన నమూనా పల్లి తెంపేది. పల్లి పీకాక ఆడవాళ్ళు చెట్ల కుప్ప చుట్టూ కూర్చుని ఒక్కొక్క కాయా చేత్తో తెంపుతారు. సాయంత్రానికి వేళ్ళు పగులుతాయి. ఆ వేళ్ళను చూసి పిల్లలకు బాధ కలిగింది. నడుమెత్తున ఒక కట్టె చట్రం నిలబెట్టి, దానికి వరసగా ఇనుప పుల్లలు బిగించారు. చెట్టును పట్టి దాని మీద నుంచి లాగితే కాయలన్నీ కింద రాలతాయి. దానికి పల్లిదువ్వెన అని పేరు పెట్టారు. నన్ను అభిప్రాయం అడిగారు గానీ, నా తల చూసినవాళ్ళెవరూ దువ్వెన విషయంలో నా మాటకు విలువివ్వరు.

దువ్వెనను మౌనిక వాళ్ళ ఊళ్ళోనే పల్లి తెంపే ఆడవాళ్ళకు ఇచ్చి, కొన్నాళ్ళు వాడి చూడమన్నారు. తర్వాత పిల్లలు పోయి అడిగి, జవాబులన్నీ రంగు కాగితాల మీద రాసుకొచ్చి గోడకు అంటించారు. మంచిగుంది. మంచిగుంది. శాన మంచిగుంది. బంగారం లెక్కుంది. గోడ మొత్తం పసుపు కాగితాలతో బంతిపూల పందిరిలా ఉంది. ట్రైనర్ వాటికి ఫొటో తీసుకున్నాడు. ప్రిన్సిపాల్ ఆ గోడ ముందు నిలబడి తన ఫొటో తీయించుకున్నాడు. బండి మాట్లాడండి, దువ్వెనను హైదరాబాదుకు పంపుదాం అన్నాడు.

మేడం గోడంతా మొదటి నుంచి చివరిదాకా చదివారు.

"సార్, బిర్యానీ కూడ అందరికి మంచిగుండదు. ఒకరన్న ఉప్పెక్కువైందంటరు. గిదేంది?"

"మంచిది చేస్తే మంచిదంటారు కదా మేడం" అన్నాను.

"ఎవ్వరు వాడలేదేమో. వాడనిది ఎప్పుడు మంచిగనే ఉంటది. పోదాం పాండి. సాక్షి కావాలె నాకు."

స్టాఫ్ రూంలో ఆమె మీద అనుమానాలు పుట్టాయి. అంతకుముందు సంవత్సరం ఆమె తయారుచేసిన జట్టు సైన్సు ఫెయిర్‌కు పోలేదు కనుక ఈ పిల్లల్నీ పోనివ్వదు అన్నారు కొందరు. రిటైరయ్యేముందు ఎవరికీ మంచి జరగనివ్వదు అన్నారు కొందరు. నాకు మధ్యలో ఉండటం అలవాటు కాబట్టి రెండూ విన్నాను, ఎవరితోనూ కాదనలేదు. కానీ మౌనిక ముఖం చూస్తే నాకూ గుబులుగానే ఉంది. తీగ లాగితే డొంక కదులుతుంది సరే, ఆ డొంకలో ఈ పిల్ల చదువుంది.

పాన్‌గల్‌లో బస్సు దిగి, మౌనికను వెంటబెట్టుకుని వాళ్ళ ఊరికి పోయాం. తెంపేవాళ్ళ గుంపుకు పెద్ద రాములమ్మ అనే ముసలామె. ఆమె ఇంట్లోనే దువ్వెన ఉంది. "తీసుకొస్త ఉండున్రి" అని లోపలికి పోయి, మనవరాలి సాయంతో అటక మీద నుంచి దింపించింది. దానికి పాత చీరముక్క చుట్టి ఉంది. ముక్క విప్పితే, చట్రానికి నాలుగు మూలలా పసుపు, పసుపు మీద కుంకుమ బొట్లు. పైన ఒక ఎండిపోయిన చామంతి. ఇంటికి కొత్త నాగలి వచ్చినా, ట్రాక్టరు వచ్చినా, కొడుకు కొత్త ఫోను కొన్నా ఆ చేతులు చేసేది అదే. కొబ్బరికాయ కూడా కొట్టారట. మౌనిక కళ్ళు మెరిశాయి.

మేడం వంగి ఒక ఇనుప పుల్ల మీద వేలితో రుద్దారు. ఆ వేలు నాకు చూపించారు. మట్టి లేదు. మూల మీది బొట్టును చూపించారు. అంచు కూడా చెరగలేదు.

"ఎట్లుంది అవ్వా దువ్వెన?" అని అడిగారు.

"మంచిగుంది మేడం. పిల్లలు బంగారం లెక్క చేసిన్రు."

"కాయ మంచిగ తెంపుతుందా?"

"తెంపుతది. తెంపకేం."

మేడం హౌదా అనలేదు. నాకు అదే అనుమానం కలిగించింది. "బాలేదా అవ్వా" అని మళ్ళీ అడుగుతారనుకున్నాను. అడగలేదు. దువ్వెనను నాతో మోయించుకుని చేను దగ్గరికి నడిచారు. అక్కడ ఆడవాళ్ళు కుప్ప చుట్టూ కూర్చుని కాయ తెంపుతున్నారు. మేడం చెప్పులు విప్పి వాళ్ళ మధ్యలో మట్టి మీద కూర్చున్నారు. ఒక చెట్టు తీసుకుని చేత్తో తెంపసాగారు. కాసేపటికి నా వైపు చూసి, అందరికీ వినబడేలా అన్నారు.

"సార్, ఈ దువ్వెన ఉత్త దండగ. పిల్లలు ఏదో తెల్వక చేసిన్రు. పొయ్యిల పెట్టనీకి తప్ప దేనికి పనికిరాదు. వాపస్ తీస్కపోదాం."

ఆడవాళ్ళ చేతులు ఆగాయి.

"అట్లంటవేంది మేడం" అన్నది రాములమ్మ. "సదువుకునే పిల్లలు. ఎంత కష్టపడ్డరో ఏమో."

"కష్టపడితే అయితదా అవ్వా. నేను టీచర్ను, నాకు తెల్వదా. పనికిరాదు గిది."

"పనికిరాదని కాదు" అన్నది పక్కనున్న ఒకామె నెమ్మదిగా. "నిలబడి గుంజాలె గదా మేడం. పొద్దుగూకేదాక ఎండల ఎవరు నిలబడ్తరు. గిట్ల కూసుంటె ఒకరి నీడ ఒకరి మీద పడ్తది."

"హౌదా" అన్నారు మేడం. నేను విన్న హౌదాలన్నిటిలో అది చాలా మెత్తనిది.

ఇక వాళ్ళ మాటలు ఆగలేదు. ఇంకొకామె, లేత పిందెలు కూడా రాలి మంచి కాయలో కలుస్తున్నాయన్నది. ఇంకొకామె, "ఒక్కతే దానికాడ నిలబడితె, కూసున్నోళ్ళ మీద మేస్త్రి లెక్క కొడ్తది మేడం. గందుకే ఎవ్వరం ముట్టుకోలె" అన్నది. దానికి అందరూ నవ్వారు. నవ్వు తగ్గాక రాములమ్మ కుప్ప వైపు చూస్తూ అన్నది.

"ఇంకోటి ఉన్నది. డబ్బా నింపితె డబ్బాకింతని కూలి. దువ్వెన తోటి తొందరగ నిండుతదని తెలిస్తె ఆసామి ఊకుంటడా. డబ్బాకు రేటు తగ్గిస్తడు."

ఆ చేను మౌనిక తండ్రిది. అంటే ఆ ఆసామి ఎవరో అక్కడ అందరికీ తెలుసు.

మౌనిక ఇంకా నిలబడే ఉంది. అప్పుడు అడిగింది. ఆ పిల్ల నోటి నుంచి మేం విన్న మొదటి ప్రశ్న అది.

"మరి నేనొచ్చి అడిగితె మంచిగుందని ఎందుకు చెప్పిన్రు పెద్దమ్మా?"

"నువ్వు ఆసామి బిడ్డవు. మీ నాయిన కోసమే చేసినవనుకున్నం" అన్నది రాములమ్మ. "అయినా ఇంటికి తెచ్చిన వస్తువును బాలేదని ఎట్లంటం బిడ్డా. మేడం అన్నదని అన్నం గని."

మౌనిక ఏదో చెప్పబోయింది. మేడం ఆమె చెయ్యి పట్టి కిందికి లాగి పక్కన కూర్చోబెట్టారు. "ఇప్పుడు మాట్లాడకు బేటీ. ఇయ్యాల విను. వాళ్ళు మాట్లాడుతున్నరు."

పొద్దు దిగేదాకా ఆ పిల్ల అక్కడే కాయ తెంపింది. నేను కూడా తెంపాను. నా కాయల్లో సగం పిందెలే అని వాళ్ళు నవ్వారు. ఆ రోజుకు నేనే దువ్వెన అన్నమాట.

తిరిగొచ్చాక మేడం మౌనిక ముందు ఒకటే మాట పెట్టారు. "హైద్రాబాద్ పో. కానీ అక్కడ నిలబడి జరిగింది చెప్పు. గోడ మీది పసుపు కాగితాలు కాదు. చెప్తనంటె పో, లేకుంటె పోకు."

చెబితే బహుమతి రాదని ఆ పిల్లకు తెలుసు. రాకపోతే దుకాణమని కూడా తెలుసు. ఆమె చెయ్యెత్తింది, హాజరుకు ఎత్తినట్టే.

పోటీ రోజు నేను కూడా పోయాను. పక్క బల్లల మీద లైట్లు వెలిగేవీ, మోటార్లు తిరిగేవీ ఉన్నాయి. మా బల్ల మీద బొట్లు పెట్టిన కట్టె చట్రం. బొట్లు తుడవనివ్వలేదు మౌనిక. జడ్జీలు వస్తే, ఇది పనిచేస్తుంది కానీ పనికిరాలేదని మొదలుపెట్టింది. ఎండ గురించి, ఒకరి నీడ ఒకరి మీద పడటం గురించి, మేస్త్రి గురించి, డబ్బా గురించి చెప్పింది. తను ఎవరి బిడ్డో వాళ్ళకు తెలుసు కనుక తనకు అబద్ధం చెప్పారని చెప్పింది. ఇక ముందు ఏది చేసినా వాళ్ళతో కూర్చుని చేస్తాను, నిలబడి చేయను అన్నది. మధ్యలో ఎక్కడా ఆగలేదు. జడ్జీలు చప్పట్లు కొట్టారు. బహుమతి మాత్రం మోటారు తిరిగేదానికి ఇచ్చారు.

"మేడం, మీ అనుమానం మన బహుమానాన్ని మింగింది" అన్నాడు ప్రిన్సిపాల్. ఆ ప్రాస నాకు తట్టలేదే అని నేను లోలోపల బాధపడ్డాను.

తర్వాతి ఆదివారం మేడం మళ్ళీ సాక్షి కావాలన్నారు. మౌనిక ఇంటికి పోయాం. తండ్రి మంచం వాల్చి కూర్చోబెట్టాడు, చాయ్ ఇప్పించాడు. మౌనిక తలుపు పక్కన నిలబడి ఉంది.

"మీరొచ్చిన్రు, సంతోషం. గని మాటంటే మాట మేడం. పేరు రాలె. మా బామ్మర్దికి చెప్పేసిన, వచ్చే నెల నుంచి దుకాణంల కూసుంటది" అన్నాడు ఆయన.

మేడం బతిమాలుతారనుకున్నాను. నేను కూడా రెండు వాక్యాలు సిద్ధం చేసుకున్నాను, స్త్రీ విద్య గురించి. మేడం గ్లాసు కింద పెట్టారు.

"నువ్వు చేసేదే కరెక్టు" అన్నారు. "ఈ పిల్ల పైసదువుకు పనికిరాదు. పట్నంల అంతమంది ముందట నిలబడి, నేను చేసింది ఫెయిలైందని చెప్పుకుంటదా ఎవరన్న? తెలివి ఉన్నోళ్ళు చేసే పనా అది? దుకాణంలనే పెట్టు. కాగితం ఇటు పెడితె అటొస్తది, అంతే గదా."

నేను చెప్పబోయిన రెండు వాక్యాలకు ఇక పని లేకుండా పోయింది. తండ్రి మంచం మీద నుంచి లేచాడు.

"మేడం, నువ్వు ఇంటికొచ్చినవని ఊకుంటున్న. నా బిడ్డకు తెలివి లేదంటవా? నా చేన్ల పనిచేసేటోళ్ళు నాకు భయపడి నోరు మూసుకున్నరని నా బిడ్డే నాకు చెప్పింది, నా మొఖం మీదనే. నీ కాలేజీల ఉన్నదున్నట్టు చెప్పేటోళ్ళు ఎంతమంది ఉన్నరు?"

"ఏమో. నాకైతే పనికొస్తదని నమ్మకం లేదు."

"నువ్వు నమ్మకు. పనికొస్తదో రాదో నేను సదివించి చూపిస్త."

మేడం లేచారు. చెప్పులేసుకున్నారు. మౌనిక తలుపు పక్కనే ఉంది. అన్నీ వింది. ఆమె మేడంను చూస్తోంది. మేడం ఆమె వైపు చూడకుండా బయటికి నడిచారు. తండ్రి వినే చోట చూస్తే ఎత్తుగడ బయటపడుతుందని చూడలేదా, లేక నిజంగానే అన్నారా, ఆ క్షణాన నాకు తెలియలేదు. ఆమెతో నాకు ఎప్పుడూ అదే చిక్కు.

మౌనిక ఎమ్మెస్సీ చదివింది. మేడం రిటైరై గద్వాలలోనే ఉండిపోయారు. ఇప్పుడు మౌనిక నాగర్‌కర్నూల్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతోంది, మేనమామ జిరాక్స్ దుకాణానికి రెండు వీధుల అవతల. సంతాపసభకు ఆమె వచ్చింది. నా వంతుకు ముందు ఆమె వంతు.

ఆమె మైకు పట్టుకుని ఫొటో వైపు చూసింది. "మా మేడం మంచిది కాదు" అన్నది.

హాలు మొత్తం కదిలింది. ప్రిన్సిపాల్ నా వైపు చూశాడు, లెక్క తప్పినప్పుడల్లా నా వైపే చూస్తారు అందరూ.

"ఎవ్వర్ని నమ్మకపోతుండె. ఎవ్వర్ని మెచ్చుకోకపోతుండె" అన్నది మౌనిక. అని ఆగింది.

వెనక నుంచి బాలయ్య నెమ్మదిగా నవ్వాడు. "నిజమే. గన్నేండ్లు నేనే చక్కెరేసిన. గన్నేండ్లు నన్ను అడిగింది" అన్నాడు. లైబ్రేరియన్, వాపసిచ్చిన పుస్తకంలో పేజీలు లెక్కపెట్టించేది అన్నది. కెమిస్ట్రీ సారు, ఒకసారి నా యాసిడ్ సీసాలో నీళ్ళున్నాయని అందరి ముందూ పట్టేసింది, నిజంగానే నీళ్ళే ఉన్నాయి అన్నాడు. హాలంతా నవ్వు. మొదటిసారి ఆ గదిలో ఆమె ఉన్నట్టు అనిపించింది. మేడం విద్యను పిల్ల బాగానే పట్టుకుంది.

మౌనిక నవ్వలేదు. "మా ఇంటికొచ్చి, ఈ పిల్ల సదువుకు పనికిరాదు అన్నది మేడం. మా నాయినను రెచ్చగొట్టనీకే అన్నదని అందరు అంటరు. నేను అట్లనే అనుకుంటున్న. గని ఒక్కసారన్న అడుగుదామనుకున్న, నిజంగ అనలేదు గదా మేడం అని. గద్వాలకు పోయినప్పుడల్ల అడగాలనుకున్న. అడిగితె ఏమంటదో అని భయమై అడగలె. ఇగ అడగనీకి లేదు."

కూర్చుంది. నా పేరు పిలిచారు. నా కాగితం జేబులోనే ఉంచుకున్నాను.

ఆ రోజు మౌనిక ఇంటి నుంచి పాన్‌గల్ వచ్చి బస్సు కోసం నిలబడ్డాం. బస్సు వచ్చింది. ఆమె ముందు ఎక్కారు, నేను వెనక ఎక్కి కిటికీ పక్క సీటు చూసుకున్నాను. కండక్టర్ వచ్చాడు. "వనపర్తి, రెండు" అన్నారు మేడం.

"వనపర్తి యాడిదమ్మా. ఇది కొల్లాపూర్ పోతది" అన్నాడు కండక్టర్.

బస్సు అప్పటికే ఊరు దాటింది. "మేడం, బోర్డు చూడలేదా" అన్నాను. ఆమె నన్ను చూశారు. నేను ఏ బోర్డు గురించి అడుగుతున్నానో కూడా ఆమెకు తెలిసినట్టు లేదు.

"సార్, పిల్ల మొఖం జూసిన్రా?" అన్నారు.

కొల్లాపూర్‌లో దిగి, తిరుగు బస్సు కోసం కూర్చున్నాం. చాయ్ తెచ్చాను. ఆమె స్టీలు మూతను సంచిలో నుంచే తీయలేదు. చక్కెర ఎవరేశారని అడగలేదు. గ్లాసు పట్టుకుని చల్లారేదాకా అలాగే కూర్చుని, ఆ చల్లటి చాయ్‌నే తాగారు.

మైకు ముందు మౌనిక వైపు తిరిగి ఇది మాత్రమే చెప్పాను. మన మేడం బోర్డు చదవకుండా ఒకే ఒక్కసారి బస్సెక్కారమ్మా, ఆ రోజు, మీ ఇంటి నుంచి వచ్చి, అన్నాను. బాలయ్య తల దించుకున్నాడు.

మౌనిక చాలాసేపు నన్నే చూసింది. నాకు ఆ చూపు తెలుసు, పక్క కుర్చీలో నుంచి ఏళ్ళ తరబడి చూసిందే.

"హౌదా సార్?" అన్నది.